బొడ్డు దగ్గర కూర్చున్న మనిషి

బీరా,
1972 మార్చి 9

తమ్ముడు సంపారాకి అక్క జుమానియా సలాం.

ఒంట్లో ఎలా ఉందని అడగను. బాగాలేకపోతే నాలుగు పేజీలు నువ్వే రాసేవాడివి. బాగున్నప్పుడు మాత్రం ఇక్కడ అక్క ఒకతి ఉందన్న సంగతి నీకు గుర్తుండదు.

నీ డబ్బుతో కట్టిస్తున్న నావ ఎంతదాకా వచ్చిందో రాయమన్నావు. తానా బేరు ఒడ్డున పలకలన్నీ ఎక్కాయి, లోపల వంపు కొయ్యలు బిగిస్తున్నారు. నా దొడ్లో నాన్న పాతిన బిత్తి మానులు మొత్తం అందులోనే ఉన్నాయి. ఇప్పుడు ఎండ నేరుగా వంటింట్లోకి వచ్చి నా మొహాన కొడుతోంది. నాన్న నావ 'బుంగ ఎజా' మునిగిన నాటినుంచీ ఈ ఇంటికి నావ లేదు. మన ఇంటికి మళ్లీ నావ వస్తుంది, దానికి నాన్న నావ పేరే పెడదాం అన్నావు గనకే ఆ చెట్లకి గొడ్డలి తగలనిచ్చాను. ఇంకెవరడిగినా ఆ గొడ్డలితోనే సమాధానం చెప్పేదాన్ని.

మేస్త్రి సంగ్కాలా గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. నేను వదిలేసిన మొగుడని కాదు, వదిలెయ్యక ముందు కూడా అంతే. పెళ్లయిన వారానికే నా రోకలి ఎత్తుకుపోయి నావ కింద దొర్లుడు కర్రగా వేసిన మనిషి. నిన్న నన్ను చూడగానే ఉలి ఆపి, "నీ మానులూ నీలాగే ఉన్నాయే జుమానియా, చెయ్యి వేస్తే చాలు కరుస్తున్నాయి," అన్నాడు. "నీ ఉలి మొద్దుబారితే మాను ఏం చేస్తుంది, అది ఇవాళ్టి సంగతా?" అన్నాను. పనివాళ్లు నవ్వలేక చచ్చారు. వాడు మాత్రం ఏమీ జరగనట్టు గడ్డం ఎత్తి, ఈ తీరంలో తనంతటి మేస్త్రి పుట్టలేదని నాకు మళ్లీ మొదటినుంచీ చెప్పాడు.

వచ్చే నెల పెద్ద పోటుకి దింపుతానంటున్నాడు. దానికి ముందు వెన్నుదూలం నడిమధ్యన బొడ్డు తొలవాలి. సొంతదారు పక్కన కూర్చోకుండా బొడ్డు తొలిస్తే నావకి దిక్కెవరో తెలియదు, ఈ మాట బీరాలో పుట్టినవాడికి నేను చెప్పాల్సిన పని లేదు. పని మానుకుని ఆ రోజుకి ఇక్కడుండు.

నీ మీద ఇంకా ఆశ చావని అక్క,
జుమానియా


గ్రెసిక్,
1972 మార్చి 28

అక్కకి సలాం.

నీ ఉత్తరం కవరు చింపగానే గదంతా ఎండు చేపల వాసన. గుమాస్తాలు కిటికీలు తీశారు.

నేను రాలేను. రొఖ్మాన్ షావుకారుగారు ఈ నెలనుంచీ తన బల్ల పక్కనే నాకు కుర్చీ వేయించారు. నెత్తి మీద కరెంటు పంకా ఉంది. రేవులో జనం నన్ను 'పాక్ సంపారా' అని గౌరవంగా పిలుస్తారు, ముందు నమస్కారం పెట్టి తర్వాత మాట్లాడతారు. ఇదంతా వదిలేసి, ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని ఒక కట్టెకి పురుడు పోయడానికి రమ్మంటావా?

ఇక్కడ నావని నావగా చూస్తారు. కడతారు, తోస్తారు, సరుకు ఎక్కిస్తారు. మీరింకా దానికి బొడ్డు, స్నానం, ఉండ్రాళ్లు అంటూ మన ముత్తాతల కాలంలోనే ఉన్నారు. ఆ తొర్ర తొలిచేటప్పుడు పక్కన ఎవరు కూర్చుంటే ఏమిటి? నువ్వే కూర్చో. నడుం నొప్పయితే మీ మేకని కూర్చోబెట్టు. నాకు కావలసిందల్లా నీళ్లు కారని నావ, అదీ తూర్పుగాలి ఉండగానే.

సంగ్కాలా బావ కోతలు కొంచెం తగ్గించమని చెప్పు. బావ అని రాసినందుకు ఏమీ అనుకోకు, పాత అలవాటు.

ఇట్లు,
సంపారా


బీరా,
1972 మే 2

పాక్ సంపారాగారికి, పంకా కింద కూర్చున్నవారికి, వాళ్లక్క సలాం.

నువ్వు చెప్పినట్టే చేశాం. మేకా నేనా అని ఆలోచిస్తే, మేక వండటానికే పనికొస్తుందనిపించి నేనే కూర్చున్నాను.

పొద్దున్నే నువ్వుల అన్నమూ, బెల్లం ఉండ్రాళ్లూ, కోడీ పట్టుకెళ్లాం. సంగ్కాలా తలకి తెల్లగుడ్డ కట్టుకుని, సుల్తానులా నడుచుకుంటూ వచ్చి నావ నడిమధ్యన వెన్నుదూలం మీద కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ మనిషి పక్కన కూర్చోవడం, అదీ అంత ఇరుకులో. వాడి దగ్గర ఇంకా అదే జిగురు వాసన.

ఉలి పెట్టేముందు, "ఎవరి బిడ్డ ఇది?" అని అడిగాడు. నీ పేరు చెబుదామని నోరు తెరిచాను. వాడు కళ్లెర్రజేశాడు. "ఇక్కడ లేనోడి పేరు దీని చెవిన వెయ్యకే. కూర్చున్నోళ్ల పేరే చెప్పు." "మా తమ్ముడు పని మీద ఉన్నాడు," అన్నాను. "పనున్నోడికి నావెందుకు?" అన్నాడు. జీవితంలో వాడన్న మాటల్లో తెలివైంది అదొక్కటే. నా పేరే చెప్పాను. వాడు మంత్రం గొణుక్కుంటూ తొలిచాడు. రాలిన పొట్టు తెల్లగుడ్డలో పట్టి కొబ్బరినూనె సీసాలో వేసి నా చేతికిచ్చాడు. అది ఇప్పుడు మా ఇంటి నడిమి స్తంభానికి వేలాడుతోంది.

మర్నాడు ఊరు ఊరంతా తాళ్లు పట్టారు. పాట ఎత్తేవాడు బూతులు కలిపి ఎత్తాడు, ముసలమ్మలు కూడా నవ్వుతూ లాగారు. నావ మొదట కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా జారి నీళ్లలో పడి, కాసేపు ఊగి, తిన్నగా నిలబడింది. ఒక్క పక్కకి కూడా ఒరగలేదు. నాకు ఏడుపొచ్చింది. నవ్వుతావని తెలుసు, అయినా రాస్తున్నాను. నాన్న చెట్లు సముద్రంలో నిలబడ్డాయి, చూడటానికి నువ్వు లేవు.

ఇప్పుడు లంగరు మీద ఉంది. స్తంభాలూ తాళ్లూ తెరచాపలూ ఇక మీదట.

మీ అక్క,
జుమానియా


గ్రెసిక్,
1972 మే 25

అక్కకి సలాం.

బొడ్డు గొడవ ముగిసినందుకు సంతోషం. నువ్వు ఏడ్చిన సంగతి మా గుమాస్తాలకి చదివి వినిపించాను, పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వాళ్ల అక్కయ్యలు పెళ్లిళ్లకి ఏడుస్తారట, కట్టెలకి కాదట.

ఇక పనికొచ్చే సంగతులు. ముందు వైపు రెండు పక్కలా 'రొఖాయా' అని పెద్ద అక్షరాలతో తెల్లరంగు వేయించు. 'బుంగ ఎజా' వద్దు, మునిగిన నావ పేరు అపశకునం అంటున్నారు ఇక్కడివాళ్లు. వచ్చే నెల మత్‌రావి అని మదురా దీవి సరంగు వస్తాడు, నేను రాసిచ్చిన చీటీ తెస్తాడు. నావని అతనికి అప్పగించు. ప్రశ్నలు వెయ్యకు. అతను మాట్లాడే రకం కాదు, నువ్వు ఆపే రకం కాదు.

ఇట్లు,
సంపారా


బీరా,
1972 జూన్ 14

సంపారాకి సలాం.

రొఖాయా ఎవరు?

శకునాలూ అపశకునాలూ ఎప్పటినుంచి నాయనా? బొడ్డు పాతకాలపు పిచ్చి, పేరు మాత్రం అపశకునమా? తిన్నగా చెప్పు. షావుకారు కూతురా? వయసెంత? పళ్లన్నీ ఉన్నాయా? నిన్ను కట్టుకోవడానికి ఒప్పుకుందంటే ఎక్కడో ఏదో లోపం ఉండే ఉంటుంది, పెళ్లికి ముందే కనుక్కో. మమ్మల్ని పిలవలేదని నాకు బాధ లేదు. నాన్న చెట్లతో కట్టిన నావకి ఆ పిల్ల పేరు పెడతాననడమే నాకు మింగుడు పడటం లేదు. పెళ్లాం పేరు కావాలంటే నీ పంకా మీద రాయించుకో.

ఆ మదురా మనిషి మనకెందుకు? మన చిన్నమ్మ కొడుకు పబెతా ఉన్నాడు. సముద్రం మీద తప్ప నేల మీద నడవడం చేతకాని మనిషి, కళాసీల్ని కూడా మాట్లాడి పెట్టాడు. అందరూ బీరా వాళ్లే. "అన్న వచ్చి ఊ అంటే చాలక్కా, గాలి చూసి లేపుతా," అంటున్నాడు. నిన్నింకా అన్న అనే అంటున్నాడు పాపం.

పేరు రాయించలేదు. జవాబు రాగానే ఆలోచిస్తాను.

అక్క జుమానియా


గ్రెసిక్,
1972 జూలై 1

అక్కకి.

రొఖాయా షావుకారుగారి తల్లి. పోయి చాలా ఏళ్లయింది. పళ్ల గురించి నువ్వు అడిగిన మాట, ఉత్తరం విప్పగానే, ఆయన ముందే పైకి చదివేశాను. ఆయన లెక్కల పుస్తకం మూసి లేచి వెళ్లిపోయారు.

దాచడం ఇక అనవసరం. ఈ నావ షావుకారుగారి నావల్లో చేరుతుంది. కట్టడం మొదలుపెట్టినప్పుడే ఆయనకి మాటిచ్చాను. బదులుగా నన్ను వ్యాపారంలో భాగస్థుడిని చేస్తారు. ఒక్క నావ పట్టుకుని నాన్న ఏం సాధించాడు? దాంతోపాటే పోయాడు. నేను నావ ఎక్కకుండానే పది నావల మీద అధికారం చేస్తాను. నీ చెట్లకి బదులు నీకొక కుట్టు మిషను పంపుతాను, కాలితో తొక్కేది, కొత్తది. ఇంకా ఆ మగ్గం ముందు నడుం విరుచుకోవడం ఎందుకు?

ఇంకొక మాట. నువ్వు రోజూ సంగ్కాలాకి అన్నం పట్టుకెళ్తున్నావని ఇక్కడికి వచ్చిన కళాసీలు చెప్పుకుంటున్నారు. ఇప్పుడర్థమైంది. మళ్లీ కాపురం పెట్టుకుని, ఇద్దరూ కలిసి నా నావని మింగాలని చూస్తున్నారన్నమాట. ఆ వయసులో సిగ్గుండాలి. మత్‌రావి బయల్దేరాడు. నోరు మూసుకుని అప్పగించు.

సంపారా


బీరా,
1972 జూలై 20

సంపారాకి.

సలాం రాయడానికి చెయ్యి రాలేదు.

ముందు అన్నం సంగతి. తెరచాపలు కుట్టేదాకా వాడు ఒడ్డు మీదే పడుకుంటాడు, పస్తుంటే పని ఆగిపోతుంది. అందుకే పంపాను. ఉప్పు రెండింతలు వేసి పంపాను. అది కాపురం అనుకునేవాడికి కాపురమంటే ఏమిటో తెలియదు. వాడు ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు, అది వేరే సంగతి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ ఊళ్లో చాలామంది మగవాళ్లని చూశాను. తాగుబోతుల్ని చూశాను, పెళ్లాల్ని కొట్టేవాళ్లని చూశాను. తండ్రి పాతిన చెట్లని ఒక కుర్చీ కోసం ఇచ్చేసినవాడిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను, అదీ మా అమ్మ కడుపునే పుట్టినవాణ్ని. కుట్టు మిషను పంపకు. పంపితే సంగ్కాలాకిచ్చి నావకి లంగరుగా కట్టిస్తాను.

మత్‌రావి వచ్చాడు. మర్యాదస్తుడు. మెట్ల కింద కాళ్లు కడుక్కుని, నువ్విచ్చిన చీటీ రెండు చేతులతో ఇచ్చాడు. చీటీ చదివి మడిచి తిరిగి ఇచ్చేశాను. భోజనం పెట్టాను. తర్వాత పబెతా అతన్ని నావ మీదికి తీసుకెళ్లాడు. కళాసీలు ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు, ఒక్కడూ తలెత్తలేదు. మత్‌రావి తాళ్లు లాగి చూశాడు, చుక్కాని చూశాడు, పలకల్ని అరచేత్తో తడిమాడు. అప్పుడడిగాడట, "బొడ్డు కాడ ఎవరు కూర్చున్నారు?"

"మా అక్క," అన్నాడు పబెతా.

"చీటీ ఇచ్చినాయన లేడా?"

"రానన్నాడు. కావాలంటే మేకని కూర్చోబెట్టుకోమన్నాడు."

ఆ మాట పబెతాకి చెప్పింది నేనే, దాయను. కళాసీలు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. మత్‌రావి నవ్వలేదట. సంగ్కాలా ఒడ్డునుంచి మోకాలి లోతు నీళ్లలోకి దిగి, తలగుడ్డ సరిచేసుకుని ఉపన్యాసం మొదలెట్టాడు. "ఈ తీరంలో నా అంత మేస్త్రి లేడు, అది అందరికీ తెలుసు. నేను ఎవరి పేరు చెప్పి తొలిచానో ఆళ్లదే నావ. తల్లి ఒప్పుకోకుండా బిడ్డని ఎత్తుకుపోతే ఏమంటారో మీ మదురాలో?" మత్‌రావి, "మా దగ్గరా అదే అంటారు మేస్త్రీ," అన్నాడట.

దిగివచ్చి నాతో అన్నాడు, "అమ్మా, బయల్దేరే ముందు సరంగు బొడ్డు మీద చెయ్యి పెట్టి సెలవడగాలి. మీరు ఇవ్వని సెలవు నేనెలా అడుగుతాను? ఈ నావ నేను తోలను. నీళ్ల మీద బతికేవాడిని." చీటీ జేబులో పెట్టుకుని, మర్నాడు వచ్చిన దారినే పోయాడు. నీ పంకా కింద కూర్చునేవాళ్లలో అలాంటి మనిషి ఒక్కడున్నా నువ్వు ఇలా తయారయ్యేవాడివి కాదు.

నువ్వే కూర్చోమన్నావు. కూర్చున్నాను. ఆ రోజు నీ పేరు చెబుదామనే నోరు తెరిచాను, దానికి ఊరంతా సాక్ష్యం. నువ్వు సంగ్కాలాకి పంపిన డబ్బంతా ఈ నావ సరుకు మోసి మోసి నీకు తీరుస్తుంది. మన ఇంట్లో ఎవరూ ఎవరి సొమ్మూ తినలేదు. నావ మాత్రం నీకివ్వను. ముందు వైపు రెండు పక్కలా 'బుంగ ఎజా' అని రాయించాను, పేరే ఎర్రపువ్వు గనక ఎర్రరంగుతో.

జుమానియా


గ్రెసిక్,
1972 ఆగస్టు 6

అక్కా,

నీ కడుపు చల్లబడిందా? మత్‌రావి గుమ్మంలోనే నిలబడి, గుమాస్తాలందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. మేక మాట దగ్గరకొచ్చేసరికి షావుకారుగారు చెయ్యెత్తి ఆపారు. నా వైపు చూడకుండా, "తన ఇంటి నావనే తెచ్చుకోలేనివాడు నా నావలేం చూస్తాడు?" అన్నారు. నా కుర్చీలో ఇప్పుడు ఆయన అల్లుడు కూర్చుంటున్నాడు. నన్ను గోదాములో బస్తాల లెక్కకి పంపారు. రేవులో నన్ను చూసి మేకలా అరుస్తున్నారు. నువ్వు గెలిచావు, ఊరంతా పిలిచి విందు చేసుకో.

ఇంతవరకూ పొద్దున రాశాను. పోస్టు చెయ్యకుండా జేబులో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు సాయంత్రం.

నాన్న పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. సముద్రం అంటే నాకప్పటినుంచీ అసహ్యం. భయం అని రాయాలి, అసహ్యం అనే రాశాను, ఉండనీ. నావ ఎక్కకుండా బతికే దారి ఒకటి దొరికిందనుకున్నాను. ఇక్కడ నాకు చోటు లేదు. అక్కడికి రావడానికి ముఖం లేదు. పబెతాకి నేనింకా అన్ననేనా? నువ్వు తిట్టినా సరే, జవాబు రాయి. రేవులో నాతో మనిషిలా మాట్లాడేవాళ్లు లేరు.

సంపారా


గ్రెసిక్ రేవు,
1972 ఆగస్టు 27

సంపారాకి,

పైన ఊరి పేరు చూసి పొరపాటనుకోకు. నేను ఇక్కడే ఉన్నాను. నీ గోదాము రేకుల కప్పు నావ మీదినుంచి కనబడుతోంది.

నీ ఉత్తరం అందినప్పుడు ఎండుకొబ్బరి ఎక్కిస్తున్నారు. పబెతా సెలవు అడగడానికి వచ్చాడు. నేను బొడ్డు దాకా దిగి, వాడి చేతి పక్కన నా చెయ్యి పెట్టి సెలవిచ్చాను. ఇచ్చాక పైకి రావాలనిపించలేదు. "దిగక్కా, గాలి పోతోంది," అన్నాడు పబెతా. "దిగను, పోనీ," అన్నాను. కళాసీలు మొహమొహాలు చూసుకున్నారు. సంగ్కాలా ఒడ్డు మీదినుంచి, "ఆడమనిషి ఎక్కితే నావ బరువెక్కుతుందే," అని అరిచాడు. "నీ కోతలకంటే బరువా?" అని అరిచాను. నావ కదిలింది. మూడు రోజులు వాంతులు చేసుకున్నాను. నాలుగో రోజు లేచి కూర్చుని చూస్తే, మగవాళ్లు చెప్పినంత ఏమీ లేదు సముద్రం. నీళ్లే, కొంచెం ఎక్కువ ఉన్నాయి.

ఒక రాత్రి గాలి పెద్దదైంది. పలకలన్నీ కిర్రుమన్నాయి. నాన్న గుర్తొచ్చాడు, నువ్వు రాసిన భయం గుర్తొచ్చింది. నాకూ భయమేసింది, చాలా భయమేసింది. ఇన్నాళ్లూ నువ్వు కళ్లు నెత్తికెక్కి రావడం లేదనుకుని తిట్టాను. పదకొండేళ్లవాడు భయపడితే ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా పట్టించుకోలేదు. అప్పుడు నేను సంగ్కాలాతో దెబ్బలాడే పనిలో ఉన్నాను.

నువ్వు చేసింది మాత్రం నీచమైన పని, అది మార్చి రాయను. నావ నీ పేరున రాయను. ఇక్కడ నీకు సరంగు పని లేదు, లెక్కల పని లేదు. వంటవాడు లేడు. కొత్తగా ఎక్కినవాడు వంట చెయ్యాలి, ఎవడైనా అంతే. అన్నం మాడిస్తే అందరూ తిడతారు, అందరికంటే ఎక్కువ నేను తిడతాను. పబెతా నిన్ను అన్న అనే పిలుస్తాడు, అడిగి చూశాను. "అన్న కాకపోతే మరేంటక్కా?" అన్నాడు, ప్రశ్న అర్థం కానట్టు.

కొబ్బరి దించేశారు. రేపు పోటుకి లంగరు ఎత్తుతాం. గోదాము దాకా నేను రాను. ఆ షావుకారు ముందు నిన్ను చెవి పట్టుకుని లాక్కురావడం నాకు ఇష్టం లేదు. నీ కాళ్లతో నువ్వే నడిచి రావాలి, రేవంతా చూస్తుండగా. మేకలా అరిచేవాళ్లు అరుస్తారు. అరవనీ.

ఇంటినిండా మనుషులున్నారనుకుంటున్నావేమో. మగ్గం ఉంది, ఎండ ఉంది. తిట్టడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు తమ్ముడూ. ఈ కాగితం పబెతా తెచ్చి నీ చేతిలో పెడతాడు. దీనికి జవాబు రాయకు, వచ్చెయ్.

అక్క